బంగారు చేపలకు ఎంత వడి

మొన్న పళ్ళ డాక్టరు దగ్గర నా వంతు కోసం కూర్చుంటే, గోడవార గాజు తొట్టిలో గాలి పంపు బుడబుడమంటోంది. పన్ను నొప్పి మరిచిపోయి, అందులో ఎర్ర చేపలు నీటికి ఎదురీదుతున్నాయా, తీరిగ్గా తిరుగుతున్నాయా అని చూస్తూ ఉండిపోయాను. ఈ చూపు నాకు అప్పలసూరి గారు నేర్పింది.

అరవైల చివర శ్రీకాకుళంలో ఒక ఆడపిల్లల కాలేజీలో జంతుశాస్త్రం డెమాన్‌స్ట్రేటరుగా చేరాను. నాన్న పోయారు. అమ్మ, ఇద్దరు తమ్ముళ్ళు నా జీతం మీదే ఉన్నారు. ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. అప్పలసూరి గారు మా ల్యాబు అటెండరు, ఆయనదీ తాత్కాలికపు కొలువే. సముద్రం ఒడ్డు ఊరి మనిషి. అన్నదమ్ములు వేటకు వెళ్తుంటే, ఈయన చదువుకున్నవాళ్ళ మధ్య ఉండాలని ముచ్చటపడి పట్నం వచ్చారట. నాకంటే పాతికేళ్ళు పెద్ద. అయినా అందరిలాగే నేనూ "సూరీ" అని పిలిచేదాన్ని. ఎమ్మెస్సీ చదివానన్న గీర నాకు బాగానే ఉండేది.

మా పెద్ద మేడం విశాఖపట్నం నుంచి ఆరు బంగారు చేపల్ని తెప్పించి, వాటి బాధ్యత నాకు అప్పగించారు. తొట్టి మూలన గులకరాళ్ళు, బొగ్గు, దూది నింపిన ఫిల్టరు డబ్బా ఉండేది. పంపు గాలి కొడితే నీళ్ళు అందులోంచి వడగట్టుకుని వస్తాయి. మొదట చిన్న పంపు పెట్టాం. బంగారు చేపలు తిండికీ, రొచ్చుకీ పెట్టింది పేరు. మూడో నాటికి నీళ్ళు మసకబారాయి. నేను పుస్తకం చూసి లెక్కకట్టి, దానికి రెండింతల పంపు తెప్పించాను. నీళ్ళు తేటబడ్డాయి. నా తెలివికి నేనే మురిసిపోయాను. నీటి వడి ఎక్కువైందేమోనని అప్పలసూరి గారు నసిగితే, లెక్క సరిగానే ఉందని కొట్టిపారేశాను. వారం తిరక్కుండా తోకలు చీలికలై రెండు చేపలు చచ్చిపోయాయి.

మేడం నిలదీశారు. సూరి వేళాపాళా లేకుండా మేత వేస్తున్నాడని నోటికొచ్చింది అనేశాను. నేను చూసింది లేదు, విన్నది లేదు. ఆయన అక్కడే గాజుసామాను తుడుస్తున్నారు. నా మాట విని కూడా తుడుస్తూనే ఉన్నారు. నెలాఖరుకి మానేయమని మేడం ఆయనకు చెప్పేశారు.

మర్నాడు పొద్దున్నే ఆయన తన పొందూరు పంచె అంచు నుంచి నూలుపోగు ఒకటి లాగి, సన్నటి పుల్లకు కట్టి తొట్టిలోకి దించారు. ఏ మూలన పెట్టినా పోగు ఒక పక్కకు వాలిపోయింది.

"సూడండమ్మా, నీటికి ఏ మూలా నిలకడ నేదు. రేతిరీ పగలూ ఈదతానే ఉన్నాయి. అంతేసి తోకలేసుకుని ఎంతకని ఈదుతాయి?"

ఏరు సముద్రంలో కలిసే మొగలో వల వేసే ముందు వాళ్ళ నాన్న ఇలాగే తాడు దించి వడి చూసేవాడట. చిన్న పంపే మళ్ళీ పెట్టేద్దామా అన్నాను. వద్దన్నారు, ఆ రొచ్చుకు పెద్దదే ఉండాలన్నారు. రబ్బరు గొట్టానికి ల్యాబు క్లిప్పు బిగించి గాలి కొంత తగ్గించారు. నీళ్ళు బయటికొచ్చే చోట కుండపెంకు అడ్డం పెట్టారు. ఈసారి పోగు సగం తొట్టిలో వాలింది, మిగతా సగంలో నిటారుగా నిలిచింది. గంటలో నాలుగు చేపలూ పెంకు చాటుకు చేరి కదలకుండా ఉండిపోయాయి.

అవి అలా ఆగడం చూశాక నాకు సిగ్గుతో తల ఎత్తబుద్ధి కాలేదు. నేరుగా మేడం గదికి వెళ్ళాను. తప్పు పంపుదని, దాన్ని తెచ్చింది నేనేనని, మేత సంగతి అబద్ధమని చెప్పేశాను. ఆవిడ చాలాసేపు తిట్టారు. నా ఉద్యోగం ఖాయం చేయడం ఏడాది వాయిదా వేశారు. ఆయన్ని మాత్రం ఉండమన్నారు.

బయటికొచ్చి, అంతా తెలిసీ మేడం ముందు ఎందుకు ఊరుకున్నారని ఆయన్ని అడిగాను. తడి చేతులు తుడుచుకుంటూ మామూలుగా అన్నారు.

"నాను సెప్తే మీ కొలువు పోతాది. నాకేటి, మా వోలకి పడవున్నాది. మీ ఇంటికి మీరే కదమ్మా."

తర్వాత ముప్పై ఏళ్ళు పాఠాలు చెప్పాను, నేనూ పెద్ద మేడాన్ని అయ్యాను. ల్యాబులో ఏది పాడైనా, కింద పనిచేసేవాళ్ళ పేరే ముందుగా నా నోటిదాకా వచ్చేది. దాన్ని మింగేసి, ముందు నేనేం చేశానో చూసుకునేదాన్ని. నాకీ బుద్ధి పెట్టింది అప్పలసూరి గారే.