నిండు గంపకి చెయ్యెందుకు

మంగినపూడి బీచ్‌లో ముత్యం అనే తెల్ల గుర్రాన్ని ఎరగనివాళ్లు బందరులో తక్కువ. దాన్ని పెంచింది ఆదినారాయణ. సాయంత్రాలు పిల్లల్ని ఎక్కించి ఇసుకలో తిప్పేవాడు, ముహూర్తాల రోజుల్లో పెళ్లికొడుకుల్ని ఎక్కించేవాడు. తెల్లవారాక మాత్రం తనే ఎక్కి, నీళ్ల అంచు వెంట ఎటో వెళ్లిపోయి వచ్చేవాడు. ఆయన భార్య నాగమల్లేశ్వరి గుర్రానికి గడ్డి వేసేది, ఒళ్లు కడిగేది. ఎక్కింది మాత్రం లేదు. పన్నెండో ఏట నెత్తికెత్తుకున్న చేపల గంప నలభై ఆరేళ్లొచ్చినా ఆమె దించలేదు.

నేను రిటైరైన లెక్కల మాస్టార్ని. మా ఇంట్లో చేప మాటెత్తితేనే ముక్కు మూసుకుంటారు. అయినా పొద్దుటి నడకకి స్కూటరేసుకుని ఆ తీరానికే వెళ్తాను. నడవడానికి అంతదూరం స్కూటరు మీద వెళ్లే మనిషిని చూసి మా ఆవిడ నవ్వుతుంది. నవ్వనివ్వండి. ఆ మంచులో, తడి ఇసుక మీద ముత్యం తన నీడతో కలిసి నడుస్తుంటే కింద కూడా ఆకాశమే ఉన్నట్టుండేది. నేను కలలో ఉన్నానో మెలకువలో ఉన్నానో చూసుకోవడానికి ఒకటి రెండుసార్లు చెయ్యి గిల్లుకున్నాను కూడా.

ఈ ఏడు వానల్లో ఆదినారాయణ పడవల రేవులో జారిపడి తుంటి విరగ్గొట్టుకున్నాడు. ఇక స్వారీ మాట మరిచిపొమ్మన్నారు డాక్టర్లు. రోజూ పరుగు లేకపోతే గుర్రానికి కాళ్లు పట్టేస్తాయి, తిక్క పుడుతుంది. అలాంటి దాని మీద పసిపిల్లల్ని ఎక్కించలేరు. గుడివాడలో పెళ్లి గుర్రాలు నడిపే ప్రేమ్ సాగర్ వచ్చి, కార్తీక పౌర్ణమిలోగా స్వారీకి మనిషి దొరక్కపోతే మర్నాడు వ్యాన్ తెచ్చి గుర్రాన్ని కొనుక్కుని తీసుకెళ్తానన్నాడు. మంచివాడే. అదే బాధ, తిట్టుకోవడానికి కూడా లేదు.

"నేనెక్కుతా," అంది నాగమల్లేశ్వరి.

సరుగుడు చెట్ల కింద మంచం వేయించుకుని ఆదినారాయణ పడుకున్న చోటి నుంచే పాఠం మొదలుపెట్టాడు. "దాని మెడకేసి చూడకే. నువ్వెళ్లాల్సిన చోటు చూడు. ఊపిరి బిగబట్టకు. నువ్వు బిగిస్తే అదీ బిగుస్తది. పగ్గం బతికున్న రొయ్యని పట్టినట్టు పట్టు. జారకూడదు, నలగకూడదు."

నేను ఊరుకోకుండా ఫోన్ తీసి స్వారీ కిటుకులు చదవబోయాను.

"మాస్టారూ, ఆ ఫోను ఎప్పుడైనా గుర్రం ఎక్కిందాండీ?" అన్నాడు. ఫోన్ జేబులో పెట్టేసుకున్నాను.

నాగమల్లేశ్వరి అన్నీ వినేది, అన్నీ చేసేది. కానీ గుర్రం కాస్త కుదిపితే చాలు, ఆమె కుడిచెయ్యి గబుక్కున నెత్తి మీదికి వెళ్లేది, లేని గంపని పట్టుకోవడానికి! చేతితోపాటు పగ్గమూ లేచేది. నోరు గుంజుకుపోయి ముత్యం టక్కున ఆగిపోయేది. పదిరోజులు ఇదే తంతు. మొదట నవ్వాను. తర్వాత నాకూ నవ్వు రాలేదు. పౌర్ణమికి ఇంకా వారమే ఉంది.

ఆ రోజు ఆమె దిగి, గుర్రం డొక్కకి మొహం ఆనించి ఏడ్చింది. "ఈ చెయ్యి నరికేసుకోవాలయ్యా."

ఆదినారాయణ ఆ చేతికేసి చూశాడు. "మల్లీ, బజారుకి నడిచేటప్పుడు గంపని చేత్తో పట్టుకునేదానివా?"

"నిండు గంపకి చెయ్యెందుకు? ఖాళీదైతేనే, గాలికి ఎగిరిపోద్దని పట్టుకుంటా."

"అయితే నింపుకో."

గంపలో సగందాకా తడి ఇసుక పోసి, నెత్తిన గుడ్డతో చుట్టకుదురు పెట్టుకుని ఆమె గుర్రమెక్కాక నేనే అందించాను. చేపల వాసనకి మా ఇంట్లో స్నానం చెయ్యకుండా గడప దాటనివ్వలేదు, అది వేరే సంగతి. బరువు తగలగానే ఆమె వెన్ను నిలబడింది. చూపు దూరంగా వెళ్లింది. చేతులు ఒళ్లో నెమ్మదించాయి. ముత్యం తల దించి, నిట్టూర్చి, అడుగులో అడుగు వేసుకుంటూ నడిచింది. నాలుగోరోజుకి గంప తీసేశాం. అది ఇంకా ఉన్నట్టే కూర్చుంది.

పౌర్ణమి మర్నాడు వ్యాన్ వచ్చింది. ప్రేమ్ సాగర్ చూస్తుండగానే ఆమె గుర్రాన్ని నీళ్ల అంచుకి తిప్పి పరుగెత్తించింది. మంచులో కలిసిపోయారు ఇద్దరూ. ఎంతసేపటికీ రారు. ఆదినారాయణ మంచంకోడు పట్టుకుని లేవబోయాడు. ఆఖరికి డెక్కల చప్పుడు ముందొచ్చింది, తర్వాత తెల్లగా గుర్రం, దానిమీద నిటారుగా ఆమె. చెయ్యి నెత్తిమీదికి పోలేదు.

ప్రేమ్ సాగర్ వెళ్లి వ్యాన్ తలుపు మూసేశాడు.

ఆమె మంచం పక్కన ఆపింది, దిగలేదు. "ఏవయ్యా, ఇక్కణ్ణించి అలల అవతల పడవలు కూడా కనపడతన్నాయి. ఇరవయ్యేళ్లు ఇదంతా ఒక్కడివే చూశావా? నన్నొక్కసారి ఎక్కమనలేదే!"

ఆదినారాయణ నవ్వబోయాడు, కుదరలేదు. కళ్లు తుడుచుకున్నాడు. "తప్పయిపోయింది మల్లీ. రేపట్నించి ఏం కనపడిందో వచ్చి నాకు చెప్తావా?"