ఒక్క కిటికీ, రెండు పంజరాలు

స్టూలెక్కి అటక మీది పంజరాన్ని గట్టిగా గుంజేసరికి, ఎన్నాళ్ళుగా అందులో దాక్కుందో, కొర్రల పొట్టంతా నా నెత్తిన పడింది. గుమ్మంలో పాత ఇనుము కొనే అతను త్వరగా తెమ్మని ఒకటే తొందర. పిట్టలు పోయినా వాటి పొట్టు నన్ను వదల్లేదు చూశారా అని ఒళ్ళు మండిపోయింది. ఇంతలో పంజరం అడుగున చుట్టి ఉన్న లేసు చేతికి తగిలింది. తెల్లటిది కాస్తా టీ రంగుకి తిరిగింది. రేపు రమ్మని అతన్ని పంపించేసి, ఆ స్టూలు మీదే కూలబడ్డాను.

ఒంటిగదిలో కాపురం పెట్టినవాళ్ళకి నా బాధ వేరే చెప్పక్కర్లేదు. పెళ్ళయిన కొత్తలో నరసాపురంలో మేం అద్దెకున్న గదికి ఒకే ఒక్క కిటికీ. అందులోనే మంచం, బీరువా, గ్యాసు పొయ్యి, మా ఆయన, నేను, మా అత్తగారు, ఆవిడ గోరింక. రెక్క విరిగి పెరట్లో పడితే తెచ్చి, అరటిపండు నలిపి పెట్టి బతికించారట, ఇక ఆవిడకి కొడుకు తర్వాత అదే. పదో క్లాసు తప్పి మానేసిన నాకు తెలిసిన పనల్లా లేసు అల్లడం. సన్నటి సూది, తెల్లటి దారం, వెలుతురు తగ్గితే కుట్టు తప్పుతుంది, మరక పడితే ముక్క తిరిగొస్తుంది. అందుకని కిటికీకి ఓ పక్క గోరింక, రెండో పక్క నేను, ఎలాగో సర్దుకున్నాం.

అది చాలదన్నట్టు మా ఆయన నా పుట్టినరోజుకి లవ్ బర్డ్స్ జంటని పట్టుకొచ్చారు. నేనడిగింది చీర! పెట్టడానికి చోటేదండీ అంటే, "మూడూ పిట్టలేగా, ఒకే దాంట్లో పడేయ్" అని చేతులు దులుపుకున్నారు. ఆయన మాట పట్టుకుని పడేశాం కూడా. గోరింక ఆ జంటలో పచ్చదాని తోకీకలు పీకి పారేసింది. సరే, రెండో పంజరం కొని ఒకదాని కింద ఒకటి వేలాడదీశాం. లవ్ బర్డ్స్ పైనుంటే వాటి పొట్టంతా గోరింక నీళ్ళలో పడేది, గోరింక పైనుంటే కింది రెండింటికీ రోజూ అభిషేకమే. చివరికి పంజరాలు రెండూ పక్కపక్కన చేరి కిటికీ మొత్తం ఆక్రమించుకున్నాయి.

"నోరులేనివాటిని చీకట్లో పెడతామేంటమ్మాయ్? నువ్వైతే గుమ్మంలో కూర్చోగలవు" అనేవారు మా అత్తగారు.

"దానికి నోరులేదా అత్తయ్యా? ఈ ఇంట్లో ఎక్కువ అరిచేది అదేగా!"

అది కూడా ఊరుకోకుండా అచ్చం ఆవిడ గొంతుతో "అమ్మాయ్, టీ!" అనేది. గుమ్మంలో కూర్చుంటే వచ్చేపోయేవాళ్ళ కాళ్ళ దుమ్ము, పంజరాల కింద కూర్చుంటే పొట్టు, అరటిపండు గుజ్జు. దారమిచ్చి, అల్లిన లేసు తీసుకునే అక్క ఒకసారి పసుపు మరకలున్న ముక్కని నా ఒళ్ళోకే విసిరి, "ఇంకోసారి ఇలా తెస్తే నీకు దారం ఇవ్వనమ్మా, మా పేరు పోద్ది" అంది. నాకంటూ ఉన్న పని అదొక్కటే. ఇంటికొచ్చి ఏడుస్తూ అరిచాను, ఈ ఇంట్లో పిట్టలైనా ఉండాలి, నేనైనా ఉండాలి అని. నేను బిందె తీసుకుని కుళాయికి వెళ్ళిపోయాను.

తిరిగొచ్చేసరికి ఆవిడ మంచం పక్కన చీకటి మూలలో గోరింక పంజరం ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. నా మరకల ముక్కని దాని అడుగున చుట్టి, చాలని చోట అల్లుకుంటూ పోతున్నారు. గుజ్జు బయటికి చిందకుండా సంచీలాగా. చూపు ఆనక లేసు మానేసి ఏళ్ళయిన మనిషి, కళ్ళు గోడ వైపున్నాయి, వేళ్ళు మాత్రం కన్నాలు తడుముకుంటూ చకచకా నడుస్తున్నాయి. మెచ్చుకోవాల్సింది పోయి నాకు ఇంకా కోపమొచ్చింది.

"ఈ పనేదో ముందే చెయ్యొచ్చుగా అత్తయ్యా!"

"నువ్వు అరిచావుగాని, అడిగావా?"

ఆ రెండో పంజరానికి కూడా ఆవిడే అల్లారు. కిటికీ కింద పీట మళ్ళీ నాదైంది, దారం రావడం ఆగలేదు. అలాగని గొడవలు ఆగాయనుకోకండి, పైన గోరింక, పక్కన అత్తగారు, ఇద్దరూ టీ అడుగుతూనే ఉండేవారు.

ఇప్పుడు కాలనీలో సొంతిల్లు, గదికి రెండేసి కిటికీలు. ఈ ఇంటికి వచ్చేముందు లవ్ బర్డ్స్‌ని పంజరంతో సహా పక్కింటివాళ్ళకి ఇచ్చేశాం. గోరింక పోయింది, తర్వాతి వానాకాలానికి మా అత్తగారూ పోయారు. వెలుతురు కోసం నాతో పోట్లాడేవాళ్ళు ఎవరూ లేరు. ఎంత కావాలంటే అంత వెలుతురు, అల్లబుద్ధే కాదు.

ఇవాళ పొద్దున్నే ఇనుమతను మళ్ళీ వచ్చాడు. లేసు విప్పుకుని ఉత్త పంజరం అతనికిచ్చేశాను. తర్వాత ఎండపడే కిటికీలన్నీ వదిలేసి, మంచం పక్కన మూల కూర్చుని, ఆవిడ ఆపిన చోట సూది గుచ్చి, కళ్ళు మూసుకుని అల్లాను. కుట్టు తప్పింది. విప్పి, కళ్ళు తెరవకుండానే మళ్ళీ మొదలుపెట్టాను.