మిరపకాయలు పట్టిన చెయ్యి

2003 మార్చి. చిలకలూరిపేట హైవే పక్కన మా బేకరీ. మిర్చి సీజన్ కావడంతో లోడు లారీ వెళ్లినప్పుడల్లా కొట్లో అందరం తుమ్మేవాళ్లం. లారీ మెకానిక్ హుసేన్ ఒక ట్రే చికెన్ మాకరోనీ బేక్ చెప్పాడు. ఉడికించిన మాకరోనీ, చికెన్, తెల్ల సాస్ కలిపి, పైన చీజ్ చల్లి ఓవెన్‌లో కాల్చేది. ఎనిమిదేళ్ల కూతురు రేష్మాకి టైఫాయిడ్ తగ్గింది. ఇక మాంసం పెట్టొచ్చని డాక్టరు చెప్పగానే పిల్ల అడిగింది ఇదేనట.

పొద్దున చేసి ఫ్రిజ్‌లో పెట్టాను. సాయంత్రం రీహీటింగ్, అంటే మళ్లీ వేడి చేయడం. మోసమంతా ఇక్కడే. అంచులు కుతకుతలాడతాయి, చీజ్ ఎర్రబడుతుంది, నడుమ మాత్రం చల్లగానే ఉండిపోతుంది. సగం వేడెక్కిన చికెన్ తింటే మంచి ఆరోగ్యం ఉన్నవాళ్లే మంచం పడతారు. అందుకే సరిగ్గా మధ్యలో కత్తి గుచ్చి, కాసేపు ఉంచి, తీసి వేలికి తాకించి చూస్తాం.

నా చేతుల నిండా కేకు క్రీమ్. ఏళ్లుగా నా దగ్గర పనిచేస్తున్న కోటేశ్వరమ్మని చూడమన్నాను. ఆమె కత్తి తాకించుకుని చటుక్కున వేలు లాక్కుంది.

"చుర్రుమందమ్మా. కాలిపోతా ఉంది."

హుసేన్ కూతుర్ని తీసుకొచ్చాడు. పిల్ల ఇంటి నుంచి చెంచా కూడా తెచ్చుకుంది.

"ఇక్కడే ఒక ముద్ద తింటానంటంది అక్కా. పెట్టనా?"

"పెట్టవయ్యా, దానిదేగా" అన్నాను.

రేష్మా నడుమ నుంచి తీసి పెదవికి ఆనించి ఆగింది. "చల్లగా ఉంది నాన్నా."

చెంచా లాగేసుకుని ట్రే మధ్యలో వేలు పెట్టాను. చల్లగా తగిలింది.

"ఏం చూశావే నువ్వు?"

"ఒట్టమ్మా, నిజంగానే కాలింది" అంటూ కోటేశ్వరమ్మ చేతులు చాపింది. వేళ్లన్నీ ఎర్రగా ఉబ్బి ఉన్నాయి. మధ్యాహ్నం దాకా మిరపకాయల తొడిమలు తీసి, అట్నుంచి అటే పనిలోకి వచ్చింది. సీజన్‌లో మా వైపు ఆడవాళ్లు చాలామంది చేసేదే. సబ్బుతో ఎంత కడిగినా ఆ మంట పోదు. అనుమానం వచ్చి గోరువెచ్చని టీ గ్లాసు చేతికిచ్చాను. పట్టుకోలేక కింద పెట్టేసింది. పైపొర తగిలి కత్తి కాస్త వెచ్చబడి ఉంటుంది. ఆ వెచ్చదనమే ఆ వేళ్లకు నిప్పయింది.

ట్రే మళ్లీ ఓవెన్‌లోకి వెళ్లింది. నడుమ నుంచి పొగలు వచ్చాక, నేను తిని చూశాకే రేష్మాకి పెట్టాను.

అప్పటి నుంచి కత్తి ఎవరు పట్టినా ముందు చేతులు చూస్తాను. కోటేశ్వరమ్మ అయితే నేను అడక్కముందే "ఇయ్యాల కాయల్లోకెళ్లానమ్మా, మీరే చూసుకోండి" అంటుంది. కానీ అంతకుముందు సీజన్లలో ఆమె ఆ వేళ్లతో చూసి కాలిందన్న ట్రేలు ఎన్ని ఇళ్లకు వెళ్లాయో నాకు తెలియదు.