వచ్చేదాకా నేర్పిన ఉస్తాద్

బూట్ పాలిష్ డబ్బా మూత తెరిస్తే చాలు, ఇప్పటికీ నాకు దేవదానం ఉస్తాద్ గుర్తుకొస్తాడు. మిలిటరీ పోలీసు శిక్షణ కేంద్రంలో ఆయన మాకు పని నేర్పే హవల్దారు. ఊరు ఎంకపల్లి. మా సురంగల్‌కు దగ్గరే అయినా, నేను ఆయన్ని మొదట చూసింది రెండు రోజులు రైల్లో ప్రయాణించి వెళ్ళాకే. అరవైతొమ్మిదిలో ప్రత్యేక రాష్ట్ర ఉద్యమం వచ్చి పట్నంలో మా కాలేజీ మూతపడింది. మళ్ళీ ఎప్పుడు తెరుస్తారో తెలియక మిలిటరీలో చేరాను.

అక్కడి పద్ధతి వేరు. అందరికీ ఒకే గడువు ఉండేది కాదు. ఒక్కో పనిని ఎవరికి పట్టినంత కాలంలో వాళ్ళు నేర్చుకుని, వచ్చిందనుకున్న రోజున ఉస్తాద్ ముందు చేసి చూపించాలి. సరిగ్గా చేస్తే తరువాతి పని, తప్పితే మళ్ళీ అదే. నాతో చేరినవాళ్ళు మోటారు సైకిళ్ళ దాకా వెళ్ళారు. నేను మాత్రం రోడ్డు మీద చెయ్యెత్తి, ఎదురొచ్చే బండిని ఆపడం దగ్గరే ఉండిపోయాను. ఉస్తాద్ కోపిష్ఠి అధికారిలా జీపులో వచ్చి గద్దించేవాడు. ఎత్తిన నా చెయ్యి దానంతటదే దిగిపోయేది. ఐదుసార్లు తప్పాను. ఇంటికి పంపేస్తారన్న భయంతో ఒక సాయంత్రం ఆయన దగ్గరికి వెళ్ళాను.

“మనం ఒక్క దిక్కోళ్ళం. జర పాస్ చెయ్యన్నా.”

ఆయన కోప్పడలేదు. “జీపుల నన్ను జూస్తె నీకు ఎవరు యాదికొస్తున్నరు?”

“మా ఊరి పటేలు,” అన్నాను. పటేలు ఎదురైతే మా నాయన చెప్పులు చేతబట్టుకుని పక్కకు జరిగేవాడు.

“నాకు గుడ గట్లనే ఉండె. ఫికర్ చెయ్యకు. నీకు వచ్చేదాక ఈ జీపు నేనే నడుపుత. గొంతు లేపి ఒర్రకు. చెయ్యెత్తు, సలాం కొట్టు, బండి కాయితం అడుగు.”

అంతలో అమ్మకు జబ్బు చేసిందని ఉత్తరం వచ్చింది. సెలవు మీద ఊరికి వచ్చాను. చేవెళ్ళ దవాఖానలో అమ్మ కోలుకుంది. తిరుగు ప్రయాణానికి యూనిఫాం వేసుకుని బయటికి వచ్చేసరికి ఉద్యమం చేస్తున్న విద్యార్థులు రోడ్డుకు అడ్డంగా కూర్చుని ఉన్నారు. మా పటేలు జీపు హారన్ కొడుతూ వాళ్ళ మీదికే వస్తోంది. ఎదురెళ్ళి చెయ్యెత్తాను. జీపు నాకు మూరెడు దూరంలో ఆగింది.

“ఎల్లయ్య కొడుకువు గాదుర? జరుగు!” అన్నాడు పటేలు.

సలాం కొట్టాను. “అవునయ్యా. పోరగాండ్లు కూసున్నరు. జీపు ఎనకకు తీయించుండ్రి.”

ఈసారి చెయ్యి దిగలేదు. పటేలు నా యూనిఫాం చూసి డ్రైవరుకు సైగ చేశాడు. జీపు వెనక్కి వెళ్ళింది. నేను అక్కడే కల్వర్టు మీద కూర్చున్నాను. ఎవరో మంచినీళ్ళిచ్చారు. అంత తియ్యటి నీళ్ళు మళ్ళీ తాగలేదు.

కేంద్రానికి చేరిన మర్నాడే, “ఉస్తాద్, చేసి చూపిస్త,” అన్నాను. ఆ రోజు ఆయన మామూలుకంటే గట్టిగా గద్దించాడు. నేను కాయితం అడిగాను. జీపు దిగి, “ఇంటికాడ ఏమైంది?” అన్నాడు. చెప్పాను. నా భుజం మీద చెయ్యి వేశాడు. “రేపటి సంది మోటరు సైకిలు,” అన్నాడు.

తరువాత ఎన్నో ఏళ్ళు కొత్తవాళ్ళకు నేనే నేర్పాను. వెనకబడినవాడు తల దించుకుని నిలబడితే, ఇంకా ఎన్నాళ్ళని ఎన్నడూ అడగలేదు. పక్కన కూర్చోబెట్టుకుని, ఎవరిని చూసి భయపడుతున్నాడో అడిగేవాణ్ణి.