గొర్రె ముక్కుకు పౌడరు

ఆ రోజుల్లో శుభ్రం విషయంలో నన్ను మించినవాళ్లు లేరని నా నమ్మకం. (నమ్మకం నాది మాత్రమే, మా అమ్మ నన్ను బద్ధకస్తురాలనేది.) చింతామణిలో బట్టల కొట్టు ఇంట్లో పుట్టి పెరిగినదాన్ని. మడత నలిగిన చీర కట్టను, పౌడరు రాయని మొహంతో గడప దాటను. ఇప్పటికి ఎనిమిదేళ్ల కిందట అలాంటి నన్ను బాగేపల్లి అవతల, వేరుశనగ చేలూ పాతిక గొర్రెలూ ఉన్న ఇంటికి కోడలిగా పంపారు. నా పెట్టెలో పట్టుచీరల మధ్య మల్లెపూల వాసనేసే పెద్ద పౌడరు డబ్బా ఒకటి పెట్టుకుని మరీ వచ్చాను. మొదటి వారం ఆ ఇంట్లో నాకు తెలిసిందల్లా ఒకటే, ఆ పాతిక గొర్రెల వాసన ముందు నా డబ్బా ఏ మూలకూ చాలదని.

నేను వెళ్లిన కొద్ది నెలలకే చలి మొదలైంది, గొర్రెలు ఈనే కాలం వచ్చింది. మా అత్తకు ఆ రోజుల్లో కాలు నిలిచేది కాదు. ఏ గొర్రె ఎప్పుడు ఈనుతుందో నడక చూసి చెప్పేది. పొద్దున మంద మేతకు పోతే పిల్లలన్నిటినీ పెద్ద గంపల కింద మూసేది. సాయంత్రం మంద తిరిగొచ్చాక గంపలెత్తితే చాలు, పిల్లలు అరుచుకుంటూ పరిగెత్తేవి, తల్లులు అరుచుకుంటూ వెతికేవి, రెండు నిమిషాల్లో ఎవరి పిల్ల వాళ్ల పొదుగు కింద ఉండేది. ఒక్కటి కూడా తప్పేది కాదు. నాకేమో అన్నీ ఒకే రకంగా కనిపించేవి. ఎలా గుర్తుపడతాయా అని ఆశ్చర్యపోయేదాన్నే తప్ప, అడిగితే లోకువైపోతానని అడగలేదు. అడిగుంటే ఈ కథే లేదు.

ఒకరోజు అత్తా మామా మొక్కు తీర్చుకోవడానికి మురుగమల్ల దర్గాకు బయలుదేరారు. మా ఆయన చేలో నీళ్లు కడుతున్నాడు. వెళ్తూ వెళ్తూ అత్త దొడ్డి దగ్గర ఆగి నాకు అప్పగింతలు పెట్టింది.

"ఆ తెల్లతోకది ఈ పొద్దు ఈనేట్టుండాది. ఈనితే పిల్లను దాని మూతి ముందర పెట్టు, అంతే. ఇంకేమీ చేయొద్దు, విన్నావా?"

విన్నాను. పది గంటలకు తెల్లతోక ఈనింది. పిల్ల ఒళ్లంతా పచ్చటి జిగురు. తల్లి దాన్ని నాకబోతుంటే నేను చూడలేకపోయాను. పాపం, పుట్టీ పుట్టగానే ఈ అవస్థేమిటని జాలిపడి, ఎత్తుకెళ్లి వేణ్ణీళ్లు పోసి, గంధం సబ్బుతో రుద్ది, మెత్తటి తువాలుతో తుడిచి, నా డబ్బా తీసి నెత్తి నుంచి తోక దాకా పౌడరు కొట్టాను. ముద్దొచ్చేసింది! ఫొటో తీసి ఫోన్లో స్టేటస్ పెట్టాను. చింతామణి నుంచి మా చెల్లెలు వరసగా ఏడు హృదయాలు పంపింది.

తల్లి గొర్రె మాత్రం పంపలేదు. పిల్లను దగ్గరికి తెస్తే ఒకసారి ముక్కు ఆనించి వాసన మూచూసింది, బుస్సుమని తుమ్మింది, తలతో ఒక్క కుమ్ము కుమ్మింది. పిల్ల రెండు పల్టీలు కొట్టింది. మళ్లీ పెట్టాను, మళ్లీ కుమ్మింది. పైగా ఆ మహాతల్లి దొడ్డంతా తిరుగుతూ తన పిల్ల ఏదని అరుస్తోంది. ఎదురుగా పెట్టుకుని ఎక్కడో వెతుకుతోంది! "ఇదేనే నీ పిల్ల, ఒట్టు!" అని దానికి నచ్చజెప్పాను కూడా. మధ్యాహ్నం దాటాక అత్త వచ్చేసరికి పిల్ల ఒక మూల వణుకుతోంది, ఇంకో మూల నేను ఏడుస్తున్నాను.

అత్త పిల్లనెత్తి వాసన చూసింది. నన్ను చూసింది.

"పెండ్లికూతుర్ని చేసినావు కదమ్మా దీన్ని!"

"మురిగ్గా ఉంటే కడిగినా అత్తా..."

"దానికి మొగం తెలీదు, రంగు తెలీదు. వాసనే దానికి గుర్తు. ఆ గుర్తు నువ్వు సబ్బు పెట్టి కడిగేసినావు. ఇంక అదెట్ల చేర్చుకుంటాది?"

తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేదనిపించింది. తెల్లతోక పాలే పిండి పిల్ల వీపంతా పూసింది, తల్లి ఈనిన చోటి గడ్డిలో దాన్ని దొర్లించింది, తల్లిని గుంజకు కట్టేసి కూర్చుంది. పొద్దుగూకే వేళకు ఎలాగో చేర్చుకుంది. ఊళ్లో మాత్రం మరునాటికల్లా నా పేరు 'పౌడరమ్మ' అయిపోయింది. (పేరు పెట్టింది మా మామే అని తర్వాత తెలిసింది.)

పది రోజులు నేను దొడ్డి వైపు తలెత్తి చూడలేదు. పదకొండో రోజు పొద్దున్నే అత్త ఏడుపు వినిపించింది. మందలో అన్నిటికంటే ముసలిది, అత్త కాపురానికొచ్చాక ఆమె చేతుల్లో పుట్టిన గొర్రె మనవరాలట, ఆడపిల్లను ఈని చచ్చిపోయింది. పక్కనే చుక్క అనే పడుచు గొర్రెకు తొలి ఈతలో చచ్చిన పిల్ల పుట్టింది. మామ రెండింటినీ తీసుకెళ్లి చేను గట్టున పాతిపెట్టి వచ్చాడు. దొడ్లో మిగిలింది తల్లి లేని పిల్లా, పిల్ల లేని తల్లీ. చుక్క పొదుగు పాలతో బిగుసుకుపోయి అరుస్తోంది. పిల్ల ఆకలితో అరుస్తోంది. మధ్యలో మూరెడు దూరం.

అత్త తనకు తెలిసినవన్నీ చేసింది. చుక్క పొదుగు పాలు పిండి పిల్లకు పూసింది, గడ్డిలో దొర్లించింది, కట్టేసింది. చుక్క ప్రతిసారీ మూచూసి కుమ్మింది. సీసాతో పాలు తాగిద్దామంటే పిల్ల పాలపీక నోట్లో పెట్టనివ్వలేదు. ఎండెక్కేసరికి అరవడం కూడా మానేసింది. అత్త చేతులు దులుపుకుని గోడకు చేరగిలబడింది.

"ఇంక దీని రాత. సాయంత్రం దాకా కూడా ఉండదు."

ఆమె అలా ఓడిపోయి కూర్చోవడం నేనెప్పుడూ చూడలేదు. అప్పుడే తట్టింది. నా పౌడరు ఒక తల్లికి సొంత పిల్లనే తెలియకుండా చేసిందంటే, ఇంకో తల్లికి పరాయి పిల్లని కూడా తెలియకుండా చెయ్యాలి కదా! లోపలికి పరిగెత్తి డబ్బా తెచ్చాను. గుంజకు కట్టేసిన చుక్క ముక్కుకు పట్టించాను, మూతికి, మెడకు, కాళ్లకు, పొదుగు పక్కలకు పట్టించాను. తర్వాత పిల్లకు, తోకతో సహా. మిగిలిన కాస్తా గాలికి నాకూ అంటింది.

మామ గడప దగ్గర ఆగిపోయాడు. "గొర్రెను యా పెండ్లికి తీసకపోతాండావమ్మా?"

"ఉండు మామా!" అని కసిరాను. కోడలై వచ్చాక పెద్దాయన్ని కసరడం అదే మొదటిసారి. ఆయన నిజంగానే నోరు మూసుకున్నాడు.

చుక్క నాలుగు తుమ్ములు తుమ్మింది. పిల్లను మూచూసింది. తన కాలు మూచూసుకుంది. మళ్లీ పిల్లను చూసింది. లోకమంతా మల్లెపూల వాసనైపోతే పాపం అది మాత్రం ఏం చేస్తుంది! ఆ తికమకలో ఉండగానే పిల్లను పొదుగు కిందికి తోసి, నోట్లోకి కాసిన్ని పాలు పిండాను. పిల్ల పట్టుకుంది. అందరం ఊపిరి బిగబట్టి చూస్తుంటే ముందు దాని తోక కదిలింది, తర్వాత గిరగిరా ఊగింది. తోక ఊగిందంటే పాలు దిగుతున్నట్టు. చుక్క మెడ వెనక్కి తిప్పి, గొంతులో మెల్లగా గురగురమంటూ, పౌడరు పూసిన ఆ తోకను నాకడం మొదలుపెట్టింది.

నేను దొడ్లో గంతులేశాను. పేడలో కాలు జారి కూర్చుండిపోయాను. ఉతికిన చీర, అయినా లేవబుద్ధి కాలేదు. అత్త కొంగుతో కళ్లు తుడుచుకుని అడిగింది.

"ఆ డబ్బీలో ఇంకా ఉండాదా?"

నా జీవితంలో నాకు దొరికిన బిరుదుల్లో అంత గొప్పది లేదు. పాల డెయిరీ దగ్గర మామ నా గురించి ఎంత ఊదరగొట్టాడో గానీ, ఆ ఈతల కాలమంతా పక్క ఊళ్ల నుంచి కూడా "పౌడరమ్మ యాడుండాదప్పా?" అని వెతుక్కుంటూ వచ్చారు. అన్నిచోట్లా నెగ్గలేదు. ఒక గొర్రె అయితే పిల్లతో పాటు నన్నూ కుమ్మింది. ఎక్కువసార్లు నెగ్గాను, ఆ లెక్క నాకు చాలు.

ఆ పిల్లకు మల్లి అని పేరు పెట్టాను. ఇప్పుడు మందలో సగం దాని సంతానమే. పౌడరు డబ్బా దొడ్డి గూట్లోకి మారి చాలా ఏళ్లయింది, నా మొహానికి రాయడమే మర్చిపోయాను. చింతామణికి వెళ్తే అమ్మ "నీ దగ్గర గొర్రె వాసనే" అని ముక్కు మూసుకుంటుంది. నాకేమో వాసనేమీ తెలియదు.

మొన్న చెల్లెలి ఇంట్లో నామకరణానికి బయలుదేరుతూ, ఎన్నాళ్లకో పట్టుచీర కట్టి, గూట్లో డబ్బా తీసి మొహానికి పౌడరు రాసుకున్నాను. పోతూ పోతూ దొడ్లో మేత వేద్దామని వంగాను. మల్లికిప్పుడు పళ్లు ఊడాయి, చూపు ఆనదు, మూల నుంచి కదలడమే తక్కువ. అలాంటిది తలెత్తి గాలి పీల్చింది. లేచి, మిగతా గొర్రెలను తోసుకుంటూ వచ్చి, నా చెంపకు మూతి ఆనించి మూచూసింది. చిన్నపిల్లలా సన్నగా అరిచి, తోక ఊపింది. తర్వాత ఆ చెంప మీది పౌడరంతా నాకేసింది.

"బస్సు పోతాది, ఏం చేస్తాండావమ్మా దొడ్లో?" అని బయటి నుంచి అత్త కేక.

చింతామణిలో మా చెల్లెలు నా మొహం చూసి పగలబడి నవ్వింది, ఒక చెంపకే పౌడరుందట. అద్దం తెచ్చిచ్చింది, డబ్బా తెచ్చిచ్చింది. వద్దన్నాను. ఒకప్పుడు పౌడరు లేనిదే గడప దాటనిదాన్ని, ఆ రోజంతా నలుగురిలో ఆ చెంపతోనే తిరిగాను.