ఓడ మీద చదివింపులు

కడప చుట్టుపక్కల ఏ ఇంట పెండ్లి కుదిరినా, ముహూర్తం తర్వాత ఇంటివారు కనుక్కునే మాట ఒకటే: ఆ రోజు రంగస్వామికి తీరికేనా అని. మైకు ముందు కూర్చొని చదివింపులు వ్రాసి, వ్రాసినవి బిగ్గరగా చదవడంలో అతనికి సాటి లేరు.

పుట్టింది కర్నూలు జిల్లాలో ఒక పడమటి పల్లె. ఇరవయ్యేళ్ళ ప్రాయంలో పనికోసం కడప చేరి, నాపబండలు కోసి నునుపుచేసే ఫ్యాక్టరీలో గుమాస్తాగా కుదిరాడు. బ్రతుకు ఎక్కడైనా, నాలుక మీద పుట్టిన ఊరి మాట చెరిగిపోలేదు. డబ్బును ఈనాటికీ దుడ్లనే అంటాడు. ఫ్యాక్టరీ వెనుక రెండు గదులలో, జబ్బుతో మంచం పట్టిన భార్య సుంకులమ్మతో కాపురం. యజమాని వెంకటేశ్వర్లు ఇంటి శుభకార్యాలతో మొదలైన చదివింపుల పని, క్రమక్రమంగా ఊరందరిదీ అయింది.

అందులో అతనికొక నియమం ఉండేది. కవరు విప్పి తన కంటితో చూడనిదే అంకె వ్రాయడు, వ్రాయనిదే చదవడు. ఒక పెండ్లిలో పెండ్లికూతురి మేనమామ అయిదువేల నూటపదహార్లని తానే కేకవేసి చెప్పగా, విప్పిచూస్తే నూరు తక్కువ ఉంది. రంగస్వామి ఉన్నదే చదివాడు. మేనమామ విస్తరి ముందు నుంచి లేచిపోయాడు. ఆనాటి నుంచి మైకులో రంగస్వామి నోట వచ్చిన అంకెను ఇదేమని అడిగినవారు లేరు.

వెంకటేశ్వర్లుకు అరవై నిండాయి. పూజా పునస్కారాలు, స్థానికుల కానుకలు కడపలోనే ముగిశాక, దగ్గరి బంధువులు ఇరవై ఇద్దరికి సింగపూరు నుంచి బయలుదేరే విహారనౌకలో విందు ఏర్పాటు చేశాడు. చదివింపుల కోసమని రంగస్వామిని కూడా తీసుకుపోయాడు. ఓడలో నోట్లు చెల్లవు. గదికొక కార్డు, ఆ కార్డుకొక ఖాతా. తిన్నా తాగినా కొన్నా అందులోనుంచే పోతుంది. పరదేశాలలో ఉన్న బంధువులు ఆ ఖాతాలోకే ముందుగా కానుక కట్టవచ్చునని కడపలో టిక్కెట్లు తీసిన ఏజెంటు చెప్పాడు. ఎవరు ఏ దేశపు సొమ్ము కట్టినా ఓడవారు అమెరికా డాలర్లలోకి మార్చి జమ వేస్తారు. అట్లా కట్టినవారు ఏడుగురు.

ఆ ఏడుగురిలో యశోద ఒకతె. వెంకటేశ్వర్లు తమ్ముడు గోపన్న భార్య. గోపన్న చనిపోయాక బండల గనిలో అతని వాటా అడిగిన పాపానికి బావగారు ఆమెను గడప తొక్కనివ్వలేదు. కూతురు శివానిని రాజంపేటలో తన తల్లి దగ్గర వదిలి, పదకొండేళ్ళుగా కువైట్‌లో ఒకరి ఇంట పని చేస్తోంది. జీతం నెలకు నూటపది దినార్లు. అందులో నలభై ఓడ ఖాతాకు కట్టి, రంగస్వామికి ఫోను చేసింది.

“రంగన్నా, నలభై దినార్లు పంపిస్తి. మా ఆయన పేరు చెప్పి గట్టిగా సదువన్నా. నేను అడుక్కొని తింటాండానని మా బావ అందరికీ చెప్తాండాడంట. అందరూ ఇనాల. రేప్పొద్దున నా బిడ్డనన్నా ఆ ఇంటి మనిషని పిలవాల గదా.”

“పంపింది పంపినట్ల సదువుతానమ్మా. నా నోట తక్కువ రాదులే.”

ఓడ కదిలిన మరునాడు మధ్యాహ్నం విందు. రంగస్వామి తన అలవాటు చొప్పున ముందుగానే కౌంటరు దగ్గరకు పోయి, జమల కాగితం అడిగి తెచ్చుకున్నాడు. మెల్బోర్ను నుంచి వచ్చి ఓడ ఎక్కిన యజమాని అల్లుడు ఉమామహేశ్ ముందుగా కట్టింది నూటయాభై ఆస్ట్రేలియా డాలర్లు. మారి జమపడింది తొంభైయేడు అమెరికా డాలర్లు. యశోద కట్టిన నలభై దినార్లు మారి నూటముప్పై అయ్యాయి. కాగితం మొత్తం మీద అంతకు మించిన జమ లేదు. అతడు వేలు పెట్టి రెండుసార్లు చూసుకొని, కొత్త పుస్తకం మొదటి పుటలో మొదటి వరుసన ‘కీర్తిశేషులు గోపన్న గారి భార్య యశోద’ అని గుండ్రంగా వ్రాశాడు.

వెంకటేశ్వర్లు వచ్చి భుజం మీదుగా తొంగిచూశాడు.

“ఇదేందప్పా, దీని పేరు మొదట రాసినావు?”

“అదే ఎక్కువయ్యా. అందరి దుడ్లూ ఒగే లెక్కలోకి మార్చినారు. చూడండి, నూటముప్పై.”

“నా అల్లుడు నూటయాభై కట్టినాడు. అది నలభై కట్టింది. నూటయాభై పెద్దదా, నలభై పెద్దదా? ఒకటో తరగతి పిల్లోడు గూడ చెప్తాడు.”

“దినారు విలువ వేరే గదయ్యా...”

“కట్టిన అంకెలే సదువు. ఏ దేశందో చెప్పాకు. దాన్ని చివర్న పెట్టు. గోపన్న పేరు ఎత్తాకు.”

రంగస్వామి ఏదో అనబోయాడు. యజమాని పక్క కుర్చీలో కూర్చొని, అతని మోకాలి మీద చేయివేసి మెత్తగా నొక్కాడు. ఏడాదిగా వాచి ఉన్న మోకాలు అది.

“ఈ కాళ్ళు పెట్టుకొని ఇంగ యాడికి పోతావప్పా? ఎవురిస్తారు నీకు పని? ఆ రెండు గదులూ ఖాళీ చెయ్యమంటే సుంకులమ్మను యాడ పండుకోబెడతావు?”

జీవితంలో మొదటిసారిగా రంగస్వామి చదివింపుల పుస్తకంలో ఒక పుట చించాడు.

చిన్న హాలు, మధ్యలో మూడంతస్తుల కేకు. యజమాని భార్య సుబ్బరత్నమ్మ చేతిలో ఫోను పట్టుకొని, కానుక కట్టి రాలేకపోయినవారికి వీడియోలో విందు చూపిస్తోంది. ఒక మూల చిన్న గడిలో యశోద ముఖం కనబడుతోంది. వెనుక తెల్లటి వంటింటి గోడ. పని నడుమ కొంగుతో చేతులు తుడుచుకుంటూ నిలబడినట్లుంది.

“చిరంజీవి ఉమామహేశ్ గారు, నూటయాభై!”

చప్పట్లు. తర్వాత నూరు, తొంభై, ఎనభై, అట్లా అయిదు పేర్లు. రంగస్వామి గొంతు ఎప్పటిలాగే కంచులా మోగింది. చివరి వరుస దగ్గర మాత్రం నీళ్ళు తాగాడు.

“యశోద... నలభై.”

“నలభైయా?” అంది సుబ్బరత్నమ్మ. “ఓయమ్మా, మా చెల్లెలు గంపకెత్తి పంపించిందే!”

“ఈడ ఆ నలభైతో ఏమొస్తాదత్తా? ఐసుగడ్డలు ఊరికే ఇస్తారు, అవి తెచ్చుకుందాం,” అన్నాడు ఉమామహేశ్. హాలంతా నవ్వింది.

వెంకటేశ్వర్లు చేయెత్తి వారించాడు. “నవ్వాకండప్పా. పాపం, ఒకరిండ్లలో గిన్నెలు తోముకొనే మనిషి. దాని తాహతుకు అదే ఎక్కువ.” ఆ జాలితో నవ్వు రెట్టింపయింది.

ఫోనులో యశోద పెదవులు కదులుతున్నాయి. సుబ్బరత్నమ్మ ఫోను శబ్దం ఆపివేసింది. ఒకే మాటను ఆమె మళ్ళీ మళ్ళీ పలుకుతోంది. అదేమిటో హాలులో పోల్చుకున్నవాడు రంగస్వామి ఒక్కడే. మైకు ఇంకా అతని చేతిలోనే ఉంది. ఆ ఒక్క మాట చాలు. యజమాని అతనివైపే చూస్తున్నాడు. రంగస్వామి మైకును బల్లమీద పెట్టి, పుస్తకం మూశాడు. కాసేపటికి ఫోనులోని ఆ గడి నల్లబడింది.

ఖాతాలోని సొమ్ము మిగిలిన రెండు రోజులలో ఉమామహేశ్, అతని ఈడు బంధువుల గ్లాసులలో కరిగిపోయింది. పదకొండు డాలర్లు మిగిలాయి. దిగేలోపల ఖర్చు చేయకపోతే అవి చెల్లవని తెలిసి, వెంకటేశ్వర్లు ఓడ బొమ్మ కుట్టిన టోపీ ఒకటి కొని, తానే రంగస్వామి తల మీద పెట్టాడు.

“బాగా సదివినావప్పా,” అన్నాడు.

కడప చేరిన మరునాడే యశోద ఫోను వచ్చింది.

“రంగన్నా, నువ్వు సదివింది ఇంటిని నేను. దినార్లని ఎందుకు చెప్పలేదన్నా? కాగితంలో ఎంత పడినాది?”

గదిలో సుంకులమ్మ మంచం మీద పడుకొని దగ్గుతోంది.

“ఓడలో మార్చేతలికి శానా తగ్గిపోయినాదమ్మా. నలభై డాలర్లే పడినాయి.”

“దినారు తగ్గేదేందన్నా? మేం దినమూ రేటు చూస్తానే ఉంటాం గదా.”

“అది బయట రేటు. నడిసముద్రంలో వాండ్లు చెప్పిందే రేటు.”

మరొకరు ఈ మాట అని ఉంటే ఆమె కడిగిపారేసేదే. అన్నవాడు రంగస్వామి.

“అట్లనా,” అంది. “నువ్వు కంటితో చూసి చెప్తే ఇంగేముంది. తెలీక నేనే తక్కువ పంపిస్తి. అంతమందిలో మా బావకు తలవంపులు తెచ్చినట్లయినాది.”

“ఊరుకోమ్మా,” అన్నాడతడు.

జీతం వచ్చిన నాడు ఆమె మరో నలభై దినార్లను రంగస్వామి బ్యాంకు ఖాతాకు పంపింది. ఓడలో తరిగినదానికి బదులుగా బావకిచ్చి, తప్పు మన్నించమనాలని కోరింది. ఆ నెల శివాని చదువుకు కట్టవలసిన ఫీజు ఆగిపోయింది.

రంగస్వామి పదకొండు వేల చిల్లర తీసుకొనిపోయి యజమాని ముందుంచి, ఆమె చెప్పమన్న మాట చెప్పాడు. వెంకటేశ్వర్లు నవ్వి, ఆ నోట్లను మడిచి జేబులో పెట్టుకున్నాడు.

“ఇప్పటికి బుద్ధొచ్చింది దానికి.”

“పుస్తకంలో ఎక్కించల్నా అయ్యా?”

“ఎందుకప్పా? యశోద నలభై అని ముందే ఉండాది గదా.”

సాయంత్రం యశోద ఫోనులో ఆత్రంగా అడిగింది. “బావ ఏమన్యాడన్నా? నా బిడ్డను పిలుస్తామన్యాడా?”

“శానా సంతోషపడినాడమ్మా. వచ్చే శుభకార్యానికి పిలుస్తామన్యాడు.”

ఈసారి ఆ మాట అనడానికి రంగస్వామికి తడుముకోవలసిన పని లేకపోయింది.

“అట్లయితే ఆ పొద్దుకు ఎంత పంపల్లో నువ్వే చెప్పన్నా,” అంది యశోద. “నాకేం తెలుస్తాది ఆ లెక్కలు?”