ఎండ చూడని పరదా పట్ట

2003లో నేను గుంటూరు శివార్లలోని ఒక చిన్న ప్లాస్టిక్ కర్మాగారంలో నాణ్యత చూసే సూపర్‌వైజర్‌ని. పాత పరదా పట్టల్ని కడిగి, కరిగించి, గింజలుగా చేసి, ఆ గింజలతో మళ్లీ కొత్త పట్టలు తీసేవాళ్లం. పగలు కల్లంలో ఎండబెట్టిన మిరపకాయల మీద రైతులు పొద్దుగూకగానే కప్పుకునేవి అవే. పగలంతా అవి కల్లం పక్కనే మడతపెట్టి ఎండలో పడి ఉంటాయి.

ప్లాస్టిక్ ఎండకు పెళుసెక్కకుండా గింజల్లో యూవీ స్టెబిలైజర్ అనే మందు కలుపుతారు. ఆ ఏడు అది రావడం ఆలస్యమైంది. అటు చూస్తే మిరప కోతలు మొదలైపోయాయి. "పాత పట్టల్లో ముందే ఆ మందు ఉంటుంది కదండీ, కానిచ్చేద్దాం" అన్నాను ఓనరుగారితో. ఎంత తెలివో నాది! ఏళ్ల తరబడి ఎండకు కాగిన పట్టలో ఆ మందు ఎప్పుడో అయిపోయి ఉంటుందని చదువుకున్నవాణ్ణి, నాకు తెలియొద్దూ? షెడ్డులో నలుగురం పట్టుకుని లాగితే చిరగలేదు. సరుకు పంపేశాం.

రెండు నెలలు తిరక్కుండానే సువార్తమ్మ అనే ఆవిడ సంచి పట్టుకుని వచ్చింది. ప్రత్తిపాడు వైపు కౌలుకు మిరప వేసిన మనిషి. సంచిలోంచి మా పట్ట ముక్క తీసి నా బల్ల మీద పెట్టి పిడికిట నలిపింది. అప్పడంలా పొడైపోయింది.

"నిన్న సాయంత్రం మబ్బు పట్టిందని కప్పబోయానయ్యా. మడత విప్పుతుంటే చేతుల్లోనే పెచ్చులూడిపోయింది. వానకి కాయంతా తడిసింది."

నిజం చెప్పాలి, నేను కసురుకున్నాను. "రోజంతా ఎండలో పడేస్తే ఏ పట్టయినా పోద్దమ్మా!"

"మిరపకాయ ఎండలో కాక నీడన ఎండుద్దా అయ్యా?"

నాకు తల కొట్టేసినట్టయింది. వెంటనే ఓనరుగారి దగ్గర తప్పు నాదేనని ఒప్పుకుని, అమ్మిన పట్టలన్నీ వెనక్కి తెప్పించమని డీలర్లకు ఫోన్లు చేయించాను. అప్పటికి స్టెబిలైజర్ వచ్చింది. అది కలిపి తీసిన కొత్త పట్ట పట్టుకుని మర్నాడు సువార్తమ్మ కల్లానికి వెళ్లాను. ఆవిడా కోడలూ కాయ ఏరుతున్నారు. ఎర్రకాయ ఒక పక్క, తెల్లబారిన తాలు ఒక పక్క. తాలు కుప్పే పెద్దది. పడమట మళ్లీ మబ్బు కమ్ముతోంది.

"ఇందులో మందు వేశామమ్మా. ఇది పోదు."

"ఎండలో పెట్టి చూశారా?"

అబద్ధం నోటిదాకా వచ్చి ఆగింది. "లేదమ్మా."

ఆవిడ పట్ట ముట్టుకోలేదు. మిగిలిన ఎర్రకాయను గోతాల్లోకి ఎత్తి ఇంట్లోకి మోయడం మొదలుపెట్టింది. నేనూ ఒక గోతం భుజానికెత్తుకున్నాను. ఆవిడ ఇంకో గోతం ఎత్తుకుని ముందు నడిచింది.

ఆ తర్వాత ఆ కర్మాగారంలో నేను ఉన్నన్నాళ్లూ ప్రతి రకం పట్ట నుంచీ ఒక ముక్క కోసి డాబా మీద ఎండకు కట్టేవాణ్ణి. ఒక వేసవి దాటి, లాగినా చిరగకపోతేనే ఆ రకం బయటికి పోయేది. సరుకు ఎక్కడ బతకాలో అక్కడే దాన్ని పరీక్షించాలి. నేర్చుకున్నది నేను, పంట పోయింది ఆవిడకి.